గుండె ఆపరేషన్ తర్వాత మళ్లీ పరుగు: కాలువ గట్టు మీద మొదలుపెట్టడం ఎలా

డిశ్చార్జి రోజున డాక్టరుగారు "రోజూ కాస్త నడవండి" అంటారు. ఇంటికొస్తే అమ్మ "మంచం దిగొద్దు నాయనా" అంటుంది. చూడ్డానికి వచ్చిన బాబాయి "మా బావమరిదికీ ఇదే ఆపరేషను, నెల తిరక్కుండా చేలోకి దిగాడు" అంటాడు. ముగ్గురూ మన మంచి కోరేవాళ్లే. ఏ రోజు ఎంత చేయాలో మాత్రం ముగ్గురూ చెప్పరు. మన గోదావరి డెల్టా ఎండనీ, గట్లనీ, ఇళ్లలో చేసుకునే పనులనీ దృష్టిలో పెట్టుకుని ఆ లెక్క ఇక్కడ రాస్తున్నాను.

ఇదంతా ఛాతీ ఎముక కోసి చేసిన బైపాస్, వాల్వు ఆపరేషన్ల గురించి. స్టెంటు వేయించుకున్నవాళ్లకు ఎముక బాధ లేదు కాబట్టి త్వరగానే నడకలో పడతారు. అయితే గుండెపోటు వచ్చి స్టెంటు వేశారా, ముందుజాగ్రత్తగా వేశారా అన్నదాన్నిబట్టి వాళ్ల లెక్క మారుతుంది. గుండె పంపింగ్ బాగా తగ్గినవాళ్లు, అయోర్టాకి (గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమనికి) ఆపరేషన్ అయినవాళ్లు, లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే ఐసీడీ పరికరం లోపల పెట్టించుకున్నవాళ్లు నడక గురించి చెప్పిన భాగం కూడా తమ డాక్టర్‌కి చూపించి పాటించండి. పరుగు గురించి చెప్పింది వాళ్లకు వర్తించదు.

ముందు డాక్టర్ని సరిగ్గా అడగండి

"నడవొచ్చాండీ?" అంటే "నడవండి" అనే జవాబు వస్తుంది. ఓపీలో మన వెనకాల పెద్ద క్యూ ఉంటుంది మరి. కాబట్టి ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్లండి. ఎకో (గుండె స్కాన్)లో పంపింగ్ ఎంత శాతం ఉంది? ఆపరేషన్ తర్వాత గుండె లయ తప్పిందా? బైపాస్ అయిన మొదటి రోజుల్లో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పడం చాలామందికి వస్తుంది, ఎక్కువమందికి సర్దుకుంటుంది కూడా. మీకు వచ్చిందో లేదో మీకు తెలిసుండాలి. రాసిచ్చిన మాత్రల్లో నాడి వేగం తగ్గించేది ఏది? బరువులు ఎప్పటినుంచి ఎత్తొచ్చు? ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ తీసే టీఎంటీ పరీక్ష ఎప్పుడు చేయిస్తారు?

హిమోగ్లోబిన్ ఎంతుందో కూడా అడగండి. ఆపరేషన్‌లో రక్తం పోతుంది, అది మళ్లీ పట్టడానికి వారాలు పడుతుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చి "గుండె ఇంకా బాగుపడలేదేమో" అని హడలిపోయే వాళ్లలో కొందరికి అసలు సంగతి రక్తం తక్కువ కావడమే. అదో కాదో తేల్చాల్సింది డాక్టరే.

మీ ఆస్పత్రిలో కార్డియాక్ రీహాబ్ ఉంటే, ఊరు దూరమైనా కొన్నాళ్లు వెళ్లండి. అక్కడ ఈసీజీ పెట్టి, బీపీ చూస్తూ నడిపిస్తారు. మీ గుండె ఎంత పనికి ఎలా స్పందిస్తోందో కళ్లారా చూసి చెప్పే మనిషి ఉండడం వల్ల సగం టెన్షన్ తగ్గుతుంది.

మొదటి రెండు నెలలు: ఎముక చెప్పినట్టు వినండి

రొమ్ము ఎముకను నిలువునా కోసి, పని అయ్యాక స్టీలు వైర్లతో బిగిస్తారు. ఆ వైర్లు లోపలే ఉండిపోతాయి, వాటితో ఇబ్బందేమీ లేదు. ఎముక అతుక్కోవడానికి 6 నుంచి 8 వారాలు, పూర్తిగా గట్టిపడడానికి 3 నెలల దాకా పడుతుంది. షుగరు ఉన్నవాళ్లకు, పొగ మానలేనివాళ్లకు ఇంకా ఆలస్యం కావచ్చు. గుండెకు రక్తం బాగా అంది మూడోవారానికే హుషారు రావచ్చు. ఆ హుషారుతో ఎముకకు సంబంధం లేదు.

"4-5 కిలోలకు మించి ఎత్తరాదు, నెట్టరాదు, లాగరాదు" అని డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. చదివి "సరే, బస్తాలు మోయను" అనుకుంటాం. మన ఇళ్లలో దాని అర్థం ఇంకా చాలా ఉంది. బోరింగు కొట్టడం, నూతిలో చేద తోడడం, కొట్టు షట్టర్ పైకి నెట్టడం, మోటార్‌సైకిల్‌కి సెంటర్ స్టాండు వేయడం, తడి దుప్పటి పిండడం, గ్యాస్ బండ జరపడం, గునపానికి గుచ్చి కొబ్బరికాయ ఒలవడం. ఇవన్నీ రొమ్ము ఎముక మీద పడే పనులే. "తాతా, ఎత్తుకో" అని మనవడు చేతులు చాస్తే కుర్చీలో కూర్చుని ఒళ్లోకి ఎక్కించుకోండి, వంగి ఎత్తొద్దు.

లేవడం కూడా కొత్తగా నేర్చుకోవాలి. నులక మంచం కుంగుతుంది, లేవాలంటే చేతుల మీద బరువు వేయక తప్పదు. కొన్నాళ్లు గట్టి పరుపున్న మంచం చూసుకోండి. లేచేటప్పుడు మోకాళ్లు ముడిచి పక్కకు తిరిగి, కాళ్లు కిందికి దించుతూ ఒళ్లంతా ఒక్కసారిగా లేపాలి. చేతులు ఒంటికి దగ్గరగా ఉంచండి. కింద చాప మీద కూర్చోవడం, నేల మీది దొడ్డి వాడడం ఈ రెండు నెలలూ వద్దు. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా దిండు ఛాతీకి హత్తుకోండి. ఆస్పత్రిలో ఇచ్చిన, ఊపిరి పీల్చి బంతులు లేపే మూడు బంతుల స్పిరోమీటరు మూలన పడేయకుండా డాక్టర్ చెప్పినన్నాళ్లూ పీల్చండి.

ఆడవాళ్లకు ఇంకో మాట. "ఇంటిపని చేస్తూనే ఉన్నాను కదండీ, అదే ఎక్సర్‌సైజు" అంటారు. రుబ్బడం, పిండడం, నిండు కుక్కరు దించడం అన్నీ చేతుల పనులు, ఇప్పుడు ఎముక వద్దంటున్నవే అవి. గుండెకు కావలసిన కాళ్ల పని మాత్రం వంటింట్లో దొరకదు. రెండు నెలలు వంట ఇంకెవరికైనా అప్పగించి, ఆ టైంలో నడవండి. మెత్తటి, ముందు హుక్కులున్న బ్రా వేసుకుంటే కుట్ల మీద లాగుడు తగ్గుతుంది.

మొదటి పదిరోజులు నడక ఇంట్లోనే. వరండాలో ఐదు నిమిషాలు, అలా రోజుకి నాలుగైదు సార్లు. ఒకేసారి అరగంట నడిచి సాయంత్రం దాకా పడుకోవడం కన్నా ఇదే మేలు. కాలి నుంచి సిర తీసి ఉంటే ఆ కాలు సాయంత్రానికి వాస్తుంది. కూర్చున్నప్పుడు పీట మీదో దిండు మీదో ఎత్తుగా పెట్టుకోండి, మేజోడు చెప్పినన్నాళ్లు వేసుకోండి. రోజూ పొద్దున్నే ఒకే టైముకి బరువు చూసుకుని రాసి పెట్టుకోండి. రాత్రికి రాత్రి కిలోకు పైగా, లేదా వారంలో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని అనుమానించి ఫోన్ చేయాలి.

గట్టు మీద నడక

రెండు మూడు వారాలకు, డాక్టర్ సరేనన్నాక, వీధిలోకి రండి. ఈ విషయంలో మనం అదృష్టవంతులం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటినుంచి కాలువలు, వాటి వెంట గట్లు ఊరూరికీ ఉన్నాయి. డెల్టా అంతా చదును, ఎక్కుడు దిగుడు ఉండదు. ఎముక అతుకుతున్న మనిషికి ఇంతకన్నా మంచి దారి దొరకదు. లారీలు తిరిగే రోడ్డు వదిలేసి, కూర్చోడానికి చప్టాలో, తూములో, రేవు మెట్లో ఉన్న గట్టు చూసుకోండి. వెళ్లిన దూరం తిరిగి రావాలి కాబట్టి, ఓపిక సగం ఉండగానే వెనక్కి తిరగండి. మొదట్లో పక్కన ఒకరుండాలి. చీకట్లో బయలుదేరేటట్టయితే టార్చి తప్పనిసరి, గట్ల మీద పాములుంటాయి. కుక్కలు వెంటపడితే పరుగెత్తి తప్పించుకునే స్థితిలో లేరు గనక చేతికర్ర ఉంటే ధైర్యం.

ఎంత వేగం? వాచీలో అంకెలు చూసి వేగం నిర్ణయించుకోకండి. నాడి గరిష్ఠంగా ఎంత పోవచ్చో చెప్పే, 220లోంచి వయసు తీసేసే లెక్క మీకు పనికిరాదు. మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, కార్వెడిలాల్ లాంటి మాత్రలు వాడుతుంటే ఎంత కష్టపడ్డా నాడి పెద్దగా పెరగదు. 100 దాటలేదు కదా అని ఒళ్లు హూనం చేసుకోవచ్చు. తొలివారాల్లో ఆస్పత్రులు చెప్పే మోటు లెక్క ఒకటుంది: కూర్చుని ఉన్నప్పటి నాడికన్నా 20 నుంచి 30 ఎక్కువ దాటనివ్వొద్దు. దాన్ని హద్దుగా ఉంచుకోండి. వేగాన్ని మాత్రం మాటతో కొలవండి.

మన గట్ల మీద పలకరింపులకు కొదవేముంది. ఎదురుపడిన ప్రతివాళ్లూ అడుగుతారు.

"ఏవండీ మాస్టారూ, అప్పుడే తిరిగేస్తన్నారు. పర్లేదాండీ?"

"ఆయ్, పర్లేదండీ. డాక్టరుగారే నడవమన్నారు. సంక్రాంతికి మావాడొచ్చేసరికి లాకుల దాకా వెళ్లొచ్చేయాలని."

ఇంత జవాబు మధ్యలో ఊపిరి కోసం ఆగకుండా చెప్పగలిగితే మీ వేగం సరైనదే. "ఆఁ" అని తలూపి ఊరుకోవాల్సి వచ్చిందా, ఎక్కువైంది, తగ్గించండి. నాటకం పద్యం ఎత్తుకుని రాగం తీయగలుగుతున్నారంటే ఇంకాస్త జోరు పెంచొచ్చు. దీన్నే ఆస్పత్రుల్లో టాక్ టెస్ట్ అంటారు. 6 నుంచి 20 దాకా ఉండే బోర్గ్ స్కేలు చూపించి "ఎంత కష్టంగా ఉంది?" అని అడిగితే, ఈ దశలో మీ జవాబు 11-13 మధ్య ఉండాలి. అంటే "తేలికే" నుంచి "కాస్త కష్టం" వరకు.

రెండో కొలత మర్నాడు పొద్దున దొరుకుతుంది. లేచేసరికి నిన్నటి అలసట తీరిందా? మంచం మీద కూర్చుని చూసుకున్న నాడి మామూలుగానే ఉందా? బరువు పెరగలేదు కదా? మూడూ బాగుంటే రెండు నిమిషాలు పెంచండి. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా నిన్నటికన్నా తక్కువ నడవండి. నాకు తెలిసి ఈ ఆరు నెలల ప్రయాణంలో ఎక్కువ పనికొచ్చే సూత్రం ఇదే. నడిచేటప్పుడు ఉత్సాహంలో తెలియని సంగతి ఒళ్లు రాత్రంతా ఆలోచించుకుని పొద్దున చెబుతుంది. ఇలా పోతే ఆరేడు వారాలకు ఆగకుండా అరగంట నడవగలుగుతారు. అందరికీ ఒకేలా కుదరదు, పోటీ పెట్టుకోవద్దు.

మొదటి ఐదు నిమిషాలు, చివరి ఐదు పది నిమిషాలు నెమ్మదిగా నడవండి. ఠక్కున ఆగితే రక్తం కాళ్లలో నిలిచిపోయి బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు ఇది మరీ ఎక్కువ. రాగానే వేడినీళ్ల స్నానానికి పరుగెత్తొద్దు, ఒళ్లు చల్లబడనివ్వండి.

ఇంకోటి. ఈ రోజుల్లో ఊరికే ఏడుపు రావచ్చు, విసుగు రావచ్చు, నిద్ర పట్టకపోవచ్చు. గుండె ఆపరేషన్ తర్వాత చాలామందికి ఉండేదే. వారాల తరబడి తగ్గకపోతే రివ్యూలో సిగ్గుపడకుండా చెప్పండి, దానికీ వైద్యం ఉంది.

ఎండ, ఉక్క, పొగ

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మనకు ఎండకన్నా ఉక్క ప్రమాదం. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, చర్మానికి రక్తం పంపడానికి గుండె అదనంగా కొట్టుకుంటుంది. మేలో అదే దూరం, అదే వేగం జనవరికన్నా బరువైన పని. వేసవిలో ఐదున్నరకి మొదలుపెట్టి ఆరున్నరకల్లా ఇంట్లో ఉండండి. కుదరకపోతే ఆరోజుకి ఫ్యాను కింద హాల్లోనే. చలికాలం దీనికి తిరగబడుతుంది. మంచు తెర విడిచి కాస్త ఎండ పొడిచాకే బయలుదేరండి. కోతలయ్యాక చేలల్లో గడ్డి తగలబెట్టే రోజుల్లో, భోగి తెల్లవారుజామున, పొగలోకి అసలు వెళ్లొద్దు.

నీళ్ల విషయంలో అందరికీ ఒకే సలహా చెల్లదు. రోజుకి ఇంతే తాగాలని డాక్టర్ కొలత పెట్టి ఉంటే చెమట పట్టిందని సొంతంగా పెంచొద్దు, అడగండి. లాసిక్స్ లాంటి నీరు పోయే మాత్ర వేసుకునేవాళ్లకు ఎండలో కళ్లు తిరగడం మామూలు. కొబ్బరిబొండం సంగతి కోనసీమలో ఎవరికి చెప్పినా కోపగించుకుంటారు గానీ చెప్పాలి. అందులో పొటాషియం ఎక్కువ. రామిప్రిల్, టెల్మిసార్టాన్, స్పైరనోలాక్టోన్ లాంటి బీపీ, గుండె మందులు వాడుతున్నా, కిడ్నీ బలహీనంగా ఉన్నా, ఒంట్లో పొటాషియం పెరిగి గుండె లయే తప్పొచ్చు. రోజూ తాగొచ్చా అని డాక్టర్ని అడిగాకే కత్తి తీయమనండి.

భోజనం చేసిన గంటన్నర, రెండు గంటల దాకా నడక పెట్టుకోవద్దు.

మూడు నెలలు దాటాక పరుగు

పరుగులో ప్రతి అడుగుకీ ఒళ్లంతా అదురుతుంది, రొమ్ము ఎముక కూడా. అందుకే 3 నెలలకు ముందు వద్దు. మూడు షరతులు తీరాలి: ఎముక గట్టిపడిందని సర్జన్ చెప్పాలి, టీఎంటీలో ఈసీజీ, బీపీ, లయ బాగున్నాయని కార్డియాలజిస్టు చెప్పాలి, 40 నిమిషాల చురుకైన నడక మర్నాడు అలసట లేకుండా మీకు అలవాటై ఉండాలి. టీఎంటీకి వెళ్లేటప్పుడు నాడి తగ్గించే మాత్ర వేసుకునే రావాలా అని ముందే అడగండి. రోజూ మాత్ర వేసుకుని పరుగెత్తేవారికి, మాత్ర మీద చేసిన పరీక్షే ఎక్కువ అక్కరకొస్తుంది.

స్టాప్‌వాచ్ అక్కర్లేదు, గట్టు వెంట కరెంటు స్తంభాలు చాలు. పది నిమిషాలు నడిచాక, ఒక స్తంభం నుంచి పక్క స్తంభం దాకా నెమ్మదిగా జాగింగ్. అంటే అర నిమిషం పట్టొచ్చు. తర్వాత మూడు స్తంభాలు నడక. ఇలా ఆరుసార్లు చేసి, పది నిమిషాలు నడిచి ఇంటికి. వారానికి మూడుసార్లు, రోజు విడిచి రోజు. మిగతా రోజుల్లో నడక. పరుగంటే ఆపరేషన్‌కి ముందటి పరుగు ఊహించుకోకండి. పక్కన నడుస్తున్న మనిషిని దాటీ దాటనట్టుండే వేగం చాలు. ఇక్కడా మాటే కొలత: స్తంభం చేరేసరికి ఒక వాక్యం పూర్తిగా చెప్పగలగాలి.

రెండు వారాలు అలా సుఖంగా గడిస్తే రెండు స్తంభాలు పరుగు, మూడు నడక. ఆ తర్వాత రెండుకి రెండు, మూడుకి రెండు. ముందు పరుగు దూరం పెంచండి, వేగం జోలికి పోవద్దు. ఆగకుండా ఇరవై నిమిషాలు పరుగెత్తడానికి ఇంకో రెండు మూడు నెలలు పట్టినా తొందరేం లేదు. చదును దారిలో అంతా కుదిరాక ఏటిగట్టు వాలు, ఫ్లైఓవర్ లాంటివి నడకతో మొదలుపెట్టొచ్చు. అంతర్వేది, కాకినాడ బీచుల్లో మెత్తటి ఇసక జోలికి ఇప్పుడే పోకండి. కాలు కూరుకుపోయి శ్రమ రెట్టింపవుతుంది. తడిసి గట్టిపడిన ఇసక మీదైతే సరే.

పరుగెత్తేటప్పుడు భుజాలు బిగబట్టడం బాగా కనిపిస్తుంది. నెలల తరబడి ఛాతీని కాపాడుకుని కాపాడుకుని ముందుకు వంగిపోతాం. రోజూ భుజాలు గుండ్రంగా తిప్పండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి. బరువులు అర లీటరు నీళ్ల సీసాతో మొదలుపెట్టి పెంచండి. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబట్టకూడదు. దండీలు, బెంచ్ ప్రెస్, బార్ పట్టుకుని వేలాడడం అన్నిటికన్నా చివర. సూర్య నమస్కారాల్లో చేతుల మీద బరువు పడుతుంది కాబట్టి అవీ 3 నెలల తర్వాతే. కపాలభాతి, భస్త్రిక, శీర్షాసనం డాక్టర్ని అడగకుండా వద్దు.

రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రామ్, వార్ఫరిన్ వాడే వాల్వు మనుషులు పడిపోకుండా చూసుకోవడం ముఖ్యం. వానలో జారే గట్లు, చీకటి పుంతలు, కబడ్డీ లాంటి ఆటలు వద్దు. తలకు దెబ్బ తగిలితే పైకి ఏం కనిపించకపోయినా ఆస్పత్రికే.

మోకాలు, పిక్కలు నొప్పెడితే మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వేసుకోవడం మనకు మామూలు. మీకు అవి ప్రమాదం. గుండెకీ, కిడ్నీకీ చేటు, రక్తం పల్చబరిచే మందులతో కలిస్తే కడుపులో రక్తస్రావం కూడా. ఆర్‌ఎంపీగారు ప్రేమగా పొడిచే నొప్పి ఇంజక్షన్ కూడా అలాంటిదే కావచ్చు, పేరడగండి. రెండు తొడలూ కారణం లేకుండా పీకుతుంటే కొలెస్ట్రాల్ మాత్ర వల్లేమో డాక్టర్‌తో మాట్లాడండి, సొంతంగా మానొద్దు.

ఎప్పుడు ఆపాలి

కుట్ల దగ్గర నొక్కితేనో, తిరిగితేనో, దగ్గితేనో వచ్చే నొప్పి మామూలుగా ఎముకదీ కండరాలదీ అయి ఉంటుంది. నడుస్తుంటే పెరిగి, ఆగితే తగ్గే బరువు, బిగింపు, దవడకో చేతికో పాకే నొప్పి వేరు. అది వస్తే అక్కడే కూర్చోండి. ఛాతీ నొప్పికి సార్బిట్రేట్ మాత్ర రాసిచ్చి ఉంటే నాలుక కింద పెట్టుకోండి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. మాత్ర లేకపోతే ఎదురుచూడకుండా వెంటనే చేయాలి. బండి వెనకాల కూర్చుని వెళ్దామనుకోవద్దు. తగ్గిపోయినా ఆరోజే డాక్టర్‌కి చెప్పాలి. చల్లచెమటలు, కళ్లు బైర్లు కమ్మడం, కూర్చున్నా తగ్గని దడ, లయ తప్పిన నాడి కూడా వెంటనే చూపించాల్సినవే.

తిరిగినప్పుడు ఛాతీలో టిక్కుమని ఎముక కదిలినట్టు అనిపించడం, కుట్ల నుంచి చీము, జ్వరం, ఒక్క పిక్కే వాచి వేడెక్కి నొప్పెట్టడం, రాత్రి పడుకుంటే ఆయాసం వచ్చి దిండు మీద దిండు వేసుకోవాల్సి రావడం: వీటిలో ఏది ఉన్నా పరుగూ నడకా ఆపి ఆరోజే ఫోన్ చేయండి. జేబులో మొబైల్‌తో పాటు ఒక కార్డు ఉంచుకోండి, దాని మీద పేరు, ఆపరేషన్ వివరం, మందులు, ఇంటి నంబరు.

మధ్యలో ఆగిపోతే

తుఫాను ముసురు, వైరల్ జ్వరం, ఇంట్లో పెళ్లి. ఏదో ఒకటి వస్తుంది. మూడు నాలుగు రోజులైతే ఆగినచోటే మొదలుపెట్టండి. వారం పది రోజులైతే రెండు వారాల కిందటి లెక్కకు వెళ్లండి. నెల దాటితే స్తంభాలు పక్కనపెట్టి మళ్లీ అరగంట నడక. జ్వరం ఉండగా ఏమీ వద్దు, తగ్గాక కూడా రెండు మూడు రోజులు ఆగి, పొద్దుటి నాడి మామూలుకొచ్చాకే గట్టెక్కండి. ముసురు పట్టిన రోజుల్లో ఫంక్షన్ హాలు వరండానో, కాలేజీ కారిడారో దొరుకుతుందేమో చూడండి. వాచ్‌మన్‌తో ముందే ఓ మాట అనుకుంటే పనైపోతుంది.